జంట సిలిండర్లకు ఒకే ఊపిరి

బందరు చిలకలపూడిలో ఏ వీధి మలుపు తిరిగినా కవరింగ్ నగల పని చేసే ఇళ్లే. ఆ ఇళ్ల వెనక రేకుల షెడ్డులో, నులక మంచం మీద, రెండు ఉక్కు సిలిండర్లు పక్కపక్కన పడుకుని ఉన్నాయి. ఒక్కొక్కటి మూరన్నర పొడవు, అడుగు భాగం కుండలా గుండ్రం. రెండింటి మెడలనూ కలుపుతూ ఒక ఇత్తడి గొట్టం, దాని నడుమ ఒకే ఒక్క వాల్వు నోరు. పొట్టల చుట్టూ రెండు స్టీలు పట్టీలు, వాటికి వేలాడుతూ చివికిపోయిన నవారు పేలికలు. 1960లలో డైవర్లు వీపున కట్టుకుని సముద్రంలోకి దిగిన జంట ఇది. మా బాబాయి దీన్ని మళ్లీ నీళ్లలోకి దించబోతున్నాడు.

బాబాయి విశాఖలో పాతికేళ్లు ఓడల అడుగున పనిచేసిన మనిషి. ఓడ అడుక్కి పట్టిన గవ్వలు గీకడం, ప్రొపెల్లరుకు చుట్టుకున్న తాళ్లు కోయడం ఆయన పని. మన వైపు నీళ్లలో మునిగి పనిచేసేవాళ్లంటే అందరికీ గజ ఈతగాళ్లే గుర్తొస్తారు. వాళ్లు పీల్చుకున్న ఒక్క ఊపిరి మీద దిగి లేస్తారు. 2024 సెప్టెంబరు వరదల్లో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు అడ్డం పడినప్పుడు ఆ ఊపిరి చాలలేదు. నీళ్లలోపలే ఇనుము కోయడానికి విశాఖ నుంచి డైవర్లు వచ్చారు. 1971 డిసెంబరులో విశాఖ తీరాన మునిగిపోయిన ఘాజీ సబ్‌మెరైన్ దగ్గరికి దిగింది కూడా నౌకాదళం డైవర్లే. మనిషి తన గాలిని తానే మోసుకుంటూ నీళ్లలో స్వేచ్ఛగా తిరిగే పరికరాన్ని ఫ్రాన్సులో కూస్తో, గాన్యాఁ 1943లో పనికొచ్చే రూపానికి తెచ్చారు. ఈ మంచం మీది జంట ఆ వంశంలోదే.

మొదటి పని చదవడం. సిలిండరు భుజం మీద సుత్తితో కొట్టిన అంకెలు, అక్షరాలు ఉంటాయి. బాబాయి వాటి మీద సుద్దముక్క రుద్ది తడిగుడ్డతో తుడుస్తాడు. గాడిలో తెల్లదనం నిలిచి అక్షరం పైకి తేలుతుంది. 3ఏఏ అంటే క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. పక్కనున్న 2250 అనేది పని ఒత్తిడి, పీఎస్ఐలలో. మన లెక్కలో 155 బార్. లారీ టైరులో ఉండేది ఎనిమిది బార్ చిల్లర, దానితో పోల్చుకోండి. ఆ కింద తయారైన నెల, సంవత్సరం, తర్వాత జరిగిన ప్రతి పరీక్ష తేదీ వరసగా ఉంటాయి. సిలిండరు జాతకం మొత్తం అక్కడే రాసి ఉంటుంది. మన దేశంలో పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతి లేని సిలిండరును నింపడం నేరం. ఈ జతను అమ్మిన పాత ఓడసామాన్ల వ్యాపారి దగ్గర ఆ అనుమతి కాగితం ఉంది కాబట్టే బాబాయి డబ్బిచ్చాడు. కాగితం లేకపోతే ఇది తూకానికి పోయే ఇనుమే.

తర్వాత ఖాళీ చేయడం. షెడ్డు తలుపులు రెండూ బార్లా తీసి, వాల్వును పావు చుట్టు మాత్రం తిప్పుతాడు. సన్నగా, చాలాసేపు బుసకొడుతుంది. నేను దగ్గరికి వంగితే మోచేత్తో వెనక్కి నెడతాడు. "ఒరేయ్, అది గాలి కాదు. లోపల తడి ఉంటే ఇనుము తుప్పు పట్టేటప్పుడు ప్రాణవాయువును తినేస్తుంది. ఏళ్ల తరబడి మూసి ఉంచిన సిలిండరులో మిగిలింది పీలిస్తే మనిషి నిలుచున్నచోటే కూలిపోతాడు." ఆ గాలికి రంగు లేదు, పెద్దగా వాసనా లేదు. బుస ఆగాక కూడా ఆయన పదిహేను నిమిషాలు వాల్వు తెరిచే ఉంచుతాడు. లోపల ఒత్తిడి ఉండగా మర విప్పితే వాల్వు తూటాలా లేస్తుంది.

మెడ విప్పాక లోపలికి చూడాలి. సన్నటి తీగకు కట్టిన చిన్న బల్బు, దంతవైద్యులు వాడేలాంటి బుల్లి అద్దం, ఇంతే సరంజామా. బల్బు లోపలికి దిగుతుంటే ఎర్రటి గోడ కనపడుతుంది. పైపైన పరుచుకున్న ఎర్రపొడి అయితే భయం లేదు, గీకితే పోతుంది. ఒకచోటే లోపలికి తొలుచుకుపోయిన గుంటలుంటే మాత్రం ఆ సిలిండరు పని అయిపోయినట్టే. ఉప్పునీరు లోపలికి పోయి నిలిచిన చోట అలాంటి గుంటలు పడతాయి. అడుగు వంపులో బాబాయి ఎక్కువసేపు ఆగుతాడు, ఎందుకంటే సిలిండరు నిలబెట్టి ఉంచితే నీరు చేరేది అక్కడే. ఈ రెండింటిలో ఒకదానిలో పొడి, రెండోదానిలో పొలుసు. గుంటలు లేవు.

తుప్పు వదిలించడానికి బ్రష్షు లోపలికి పోదు. అందుకని సిలిండరులో సగం వరకు గరుకైన పింగాణీ ముక్కలు, కొంచెం నీళ్లు, కాస్త సబ్బుపొడి పోసి, మూతి బిగించి, రెండు రోలర్ల మీద పడుకోబెట్టి మోటారుతో తిప్పుతారు. పాత గ్రైండరు మోటారు, కప్పీ, బెల్టు కలిపి బాబాయి ఆ యంత్రాన్ని తనే కట్టుకున్నాడు. నిమిషానికి నలభై చుట్లు. ఇంకా వేగం పెంచితే ముక్కలు గోడకు అంటుకుపోయి రాపిడే ఉండదు. ఎనిమిది గంటలు అటు, మూతి మార్చి నాలుగు గంటలు ఇటు. కుమ్మరించినప్పుడు ఇటుక రంగు బురద పడుతుంది. ఇక్కడ తొందర అవసరం. కడిగిన ఉక్కు బందరు ఉప్పుగాలిలో పావుగంటలోనే మళ్లీ ఎర్రబారుతుంది. మరిగే నీళ్లతో ఆఖరి కడుగుడు కడిగి, తలకిందులు చేసి, చేయి ఓర్చుకునేంత వేడిగాలిని గొట్టంతో ముప్పావుగంట లోపలికి కొడతాడు. మళ్లీ బల్బు దించితే గోడ బూడిదరంగులో పొడిగా ఉంటుంది.

ఇప్పుడు నీటి ఒత్తిడి పరీక్ష. దీనికి సిలిండర్లు విశాఖలోని అనుమతి ఉన్న పరీక్షా కేంద్రానికి వెళ్తాయి. సిలిండరును నీళ్లతో నింపి, నీళ్లతోనే నిండిన గట్టి తొట్టిలో దించి, లోపలి నీటి ఒత్తిడిని పెంచుతారు. ఈ అమెరికా జాతి సిలిండరుకు పెట్టేది పని ఒత్తిడికి మూడింట ఐదు వంతులు, అంటే 3750 పీఎస్ఐ. ఉక్కు ఉబ్బుతుంది. ఉబ్బినంత నీరు బయటి తొట్టి నుంచి గాజు గొట్టంలోకి ఎక్కుతుంది. ఒత్తిడి వదలగానే సిలిండరు తిరిగి తన కొలతకు రావాలి. మొత్తం ఉబ్బులో పదో వంతుకు మించి వెనక్కి రాకుండా మిగిలిపోయిందా, ఆ ఉక్కు అలిసిపోయిందన్నమాట. దాన్ని కొట్టేస్తారు. గాలితో కాక నీటితో ఎందుకంటే, నీరు నొక్కుకుపోదు, గోడ పగిలినా పేలుడు ఉండదు. రెండు సిలిండర్లూ నిలిచాయి. భుజాల మీద కొత్త తేదీ పడింది. ఖర్చు రానుపోను లారీ కిరాయితో కలిపి రెండువేల ఎనిమిది వందలు.

అవి వెళ్లిన వారంలో బాబాయి ఇత్తడి పని ముగించాడు. పక్కింట్లో కవరింగ్ పని చేసే ముసలాయన పర్యవేక్షణ లేకుండా అది జరిగే పనే కాదు. వాల్వు ముక్కలకు పట్టిన పచ్చటి చిలుము వదలాలంటే వెనిగరు, నీళ్లు సగం సగం కలిపి అందులో నానబెడతారు. "ఇరవై నిమిషాలు దాటొద్దు. ఎక్కువైతే ఇత్తడి ఎర్రబడుద్ది, సత్తు పోద్ది," అంటాడాయన. తుత్తునాగం కరిగిపోయి రాగి మిగలడమే ఆ ఎరుపు. చింతపండుతో బిందెలు తోమిన ఏ ఇల్లాలికైనా తెలిసిన సంగతే, కాకపోతే ఇక్కడ పొరపాటు చేస్తే 155 బార్ వెనక నిలబడి ఉంటుంది. పాత రబ్బరు వలయాలన్నీ తీసేసి కొత్త ఓ-రింగులు వేసి, సిలికోన్ గ్రీజు వేలికి అంటీ అంటనట్టు రాస్తాడు. మామూలు గ్రీజు పనికిరాదు. డైవరు పీల్చేది ఆ దారిన వచ్చే గాలినే.

ఈ వాల్వులో ఒక చిన్న స్ప్రింగు ఉంది. ఆ రోజుల్లో గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు చాలామంది డైవర్లకు ఉండేది కాదు. అందుకని ఒక సిలిండరు దారిలో ఈ స్ప్రింగును కాపలా పెట్టారు. ఆ సిలిండరులో ఒత్తిడి సుమారు 35 బార్‌కు దిగగానే స్ప్రింగు దారి మూసేస్తుంది. రెండోది మాత్రం ఖాళీ అయ్యేదాకా ఇస్తూనే ఉంటుంది. ఊపిరి బిగుస్తున్నట్టు అనిపించినప్పుడు డైవరు ఎడమ చెయ్యి వెనక్కి చాచి, నడుము పక్కన వేలాడే సన్నటి కడ్డీని కిందికి లాగుతాడు. మూసిన దారి తెరుచుకుని, కాపలా ఉన్న సిలిండరు నుంచి ఖాళీ సిలిండరులోకి గాలి బుసబుసమని పారుతుంది. ఆ చప్పుడు డైవరుకు వినపడుతుంది. 12 లీటర్ల సిలిండరులో 35 బార్ అంటే 420 లీటర్లు. పైకి రావడానికి అదే దారిఖర్చు, అదే రిజర్వు. కడ్డీ ఏ తీగకో తగిలి ముందే జారి ఉంటే లాగడానికి ఏమీ మిగలదు. అలా పోయిన ప్రాణాలున్నాయి. అందుకే బాబాయి పాత పద్ధతిని గౌరవిస్తూనే వాల్వుకూ, నోటికి గాలి అందించే రెగ్యులేటరుకూ నడుమ ఒక చిన్న కడియం పెట్టి మీటరు గొట్టం తీస్తాడు. ఈ కాలంలో మీటరు లేకుండా దిగడం తప్పు అని ఆయన మాట, నాదీ అదే.

రెండు సిలిండర్లను జత చేయడం చూడటానికి తేలిక. పాత పట్టీలు తుప్పు తిన్నాయి కాబట్టి గిలకలదిండి హార్బరు దగ్గర పడవల పని చేసే వెల్డరు చేత స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో కొత్తవి వంపించాడు. రెండు పట్టీలకు, బోల్టులతో కలిపి, 2,600 రూపాయలు. కొలత అంతా ఇత్తడి గొట్టం చేతిలో ఉంటుంది. గొట్టం రెండు చివర్ల నడుమ దూరం ఎంతో, సిలిండర్ల నడుమ దూరం అంతే ఉండాలి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా బిగించిన గొట్టం ఎప్పుడూ వంగిన విల్లులా లాగుతూ ఉంటుంది, ఓ-రింగు ఒకవైపే నలిగి కారుతుంది. బాబాయి సిలిండర్లను చదునైన కడప బండ మీద పడుకోబెట్టి, పట్టీలు వదులుగా తొడిగి, గొట్టం నట్లు రెండింటినీ రెండు చేతుల వేళ్లతో ఒకేసారి తిప్పుతాడు. పానా ముట్టడు. నట్టు చివరి మర దాకా వేళ్లకే తిరగాలి. ఎక్కడ బిగిసినా ఆగి, సిలిండరును కాగితం మందం జరిపి మళ్లీ తిప్పుతాడు. ఈ ఒక్క పనికి గంటా పది నిమిషాలు పట్టింది. ఆయన వేళ్ల చివర్లు చూస్తుంటే, గొలుసులో పూసలు అతికే పక్కింటివాళ్ల వేళ్లు గుర్తొచ్చాయి నాకు. నట్లు వేళ్లకే కూర్చున్నాకనే పట్టీల బోల్టులు బిగిస్తాడు, ఆఖరున నట్లకు పానా.

వీపున కట్టే నవారుకు నేను గుడివాడ వెళ్లాను. లారీ టార్పాలిన్లు, సీట్లు కుట్టే దుకాణంలో రెండంగుళాల నైలాన్ నవారు దొరుకుతుంది. మీటరు 45 రూపాయలు, మనకు కావలసింది ఏడు మీటర్లు. పాతరోజుల్లో నూలు నవారు వాడేవాళ్లు, తడిసి తడిసి చివికిపోయేది. సింగిల్ సిలిండర్లకైతే 1960ల నుంచే వీపు ఒంపుకు సరిపోయే ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. జంటకు పలక అక్కర్లేదు. రెండు సిలిండర్ల నడుమ పడే లోయలో వెన్నెముక తనంత తానే ఇముడుతుంది. కత్తిరించిన చివర్లను కాల్చిన కత్తితో ఒత్తితే పోగులు కరిగి అతుక్కుంటాయి. కుట్టు నాలుగు పక్కలా పెట్టెలా వేసి, లోపల మూల నుంచి మూలకు ఇంటూ గుర్తు వేస్తాడు దుకాణం ఆయన. పాలిస్టరు దారం, అంగుళానికి ఆరు కుట్లు. లారీ లోడు మీద తాడు గుంజుకునే చోట ఆయన ఎప్పుడూ వేసే కుట్టే అది. మజూరీ మూడొందలు.

ఐదు బద్దీలు. రెండు భుజాల మీదుగా పైపట్టీ నుంచి కిందిపట్టీకి, రెండు నడుముకు, ఒకటి కాళ్ల నడుమ నుంచి. కొత్తవాళ్లు ఈ ఐదోదాన్ని చిన్నచూపు చూస్తారు. అది లేకపోతే తల కిందికి పెట్టి ఈదేటప్పుడు ముప్పై కిలోల ఉక్కు మెడ వైపు జారి వాల్వు తల వెనక కొడుతుంది. భుజం బద్దీల్లో ఒకదానికి ఒక్క లాగుడుతో ఊడే కొక్కెం పెడతారు. సీసం బరువుల బెల్టు మాత్రం అన్నిటికన్నా పైన, ఆఖరున కట్టాలి. కాళ్ల నడుమ బద్దీ కింద ఆ బెల్టు ఇరుక్కుంటే ఆపదలో విప్పినా జారిపోదు. బాబాయి నాకు తొడిగించి, షెడ్డంతా మూడుసార్లు నడిపించి, వంగమని, చేతులు పైకెత్తమని, బద్దీలను వేలెడు వేలెడు సర్దాడు. కొలతంతా ఒక్కదానికోసమే. పాత రెగ్యులేటరు నోటి దగ్గర ఉండదు, వాల్వు మీద, మెడ వెనక ఉంటుంది. అక్కణ్ణుంచి రెండు ముడతల గొట్టాలు చెవుల పక్కనుంచి నోటికి వస్తాయి, కుడివైపుది పీల్చడానికి, ఎడమవైపుది వదలడానికి. బోర్లా ఈదేటప్పుడు అది ఊపిరితిత్తుల కన్నా ఎంత ఎత్తున ఉంటే, అంత నీటి బరువును ప్రతి ఊపిరిలోనూ ఛాతీ లాగాలి. పది సెంటీమీటర్లు కిందికి దిగి రెక్కల ఎముకల నడుమ కూర్చుంటే ఊపిరి హాయి. నా లెక్కలో ఈ మొత్తం పరికరంలో అసలు పనితనం 315 రూపాయల ఈ నవారులోనే ఉంది.

నింపడానికి ఊపిరిగాలి కంప్రెసరు కావాలి. పంక్చరు షాపుది పనికిరాదు. గాలి పీల్చే గొట్టం డీజిలు పొగకు దూరంగా, గాలి వచ్చే దిక్కుకు ఉండాలి. బొగ్గు వడపోత, తేమ పీల్చే గుళికలు దాటి వచ్చిన గాలిలో కార్బన్ మోనాక్సైడు పది లక్షల్లో పది వంతులు మించకూడదు. లోతులో ఒత్తిడితో పాటు విషమూ రెట్టింపవుతుంది. నింపేముందు రిజర్వు కడ్డీ కిందికి లాగి ఉంచాలి, లేదంటే కాపలా స్ప్రింగు ఆ సిలిండరులోకి గాలిని సరిగా పోనివ్వదు. 24 లీటర్ల జంటలో 155 బార్ అంటే 3,720 లీటర్లు. నిమిషానికి వంద లీటర్లిచ్చే యంత్రానికి నలభై నిమిషాలు. సిలిండరు వేడెక్కుతుంది, చల్లారాక ముల్లు కొంత దిగుతుంది, మళ్లీ కొంచెం నింపుతారు. నింపినదాన్ని మే నెల ఎండలో వదిలేసి, ఉక్కు 60 డిగ్రీలకు కాగితే 155 కాస్తా 170 దాటుతుంది. గోనెపట్టా తడిపి కప్పుతారు.

బందరు సముద్రం మెరక, బురద. ఒకప్పుడు ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ల దూరాన లంగరేసేవి. హంసలదీవి దగ్గర కృష్ణ కలిసే చోట చెయ్యి చాస్తే చెయ్యే కనపడదు. అందుకే తొలి పరీక్ష ముదినేపల్లి దారిలో తెలిసినవాళ్ల చేపల చెరువులో. ఆరడుగుల లోతు చాలు. ముందు మనిషి లేకుండా జంటను మాత్రం ముంచి పావుగంట చూస్తారు. ఎక్కడా బుడగ లేదు. గాలితో కలిపి మొత్తం 35 కిలోలు, ధాన్యం బస్తాలో సగం. ఒడ్డున కూర్చుని తొడుక్కుని నీళ్లలోకి జారగానే ఆ బరువు మాయమవుతుంది. ఇక్కడ సరిపోయిన సీసానికి ఉప్పునీటిలో మరో రెండున్నర కిలోలు కలపాలి, సముద్రం మనిషిని ఎక్కువ పైకి తేలుస్తుంది. ఇంకో లెక్క. ఆ 3,720 లీటర్ల గాలి బరువే నాలుగున్నర కిలోలు. పీల్చేకొద్దీ డైవరు అంత తేలికవుతాడు. ఆఖరున కూడా నీటిలో నిలవగలిగేలా సీసం కట్టుకోవాలి.

ఆ తర్వాత విశాఖ రుషికొండ. పడవలో బాబాయి రెండు గీతలు గీసిన పలక చూపిస్తాడు. రిజర్వు పోగా 3,300 లీటర్లు. పద్దెనిమిది మీటర్ల లోతులో నిమిషానికి 56 లీటర్లు ఖర్చు, 59 నిమిషాలు వస్తుంది. పాత అమెరికా నౌకాదళం పట్టిక ప్రకారం ఆ లోతులో దారిలో ఆగకుండా పైకి రాగలిగే హద్దు 60 నిమిషాలు. ముప్పై మీటర్లలో గాలి 41 నిమిషాలు వస్తుంది, హద్దు మాత్రం 25. ఒక్క సిలిండరుతో దిగినవాణ్ణి గాలి అయిపోవడమే వెనక్కి పంపేది. జంటతో దిగినవాడికి గాలి ఇంకా ఉంటుంది, రక్తంలో కరిగిన నైట్రోజన్ మాత్రం హద్దు దాటి ఉంటుంది. తొందరగా లేస్తే అది కీళ్లలో, వెన్నులో బుడగలు కడుతుంది. "గాలిని కాదురా, గడియారాన్ని చూడు," అంటాడు. ఆయన పదిహేను మీటర్లకే దిగి, నలభై నిమిషాలకే తిరిగి, నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా, ఊపిరి ఎక్కడా బిగబట్టకుండా లేస్తాడు. బుడగలన్నీ మెడ వెనక నుంచి పోతుంటే ముఖం ముందు నిశ్శబ్దం. తోడు దిగిన శిక్షణ పొందిన డైవరు వీపున ఈ కాలపు సిలిండరే ఉంది.

ఒడ్డుకొచ్చాక మంచినీళ్లలో గంటసేపు నానబెట్టి, నవారు నీడలో ఆరేసి, సిలిండర్లలో పదిహేను బార్ గాలి మిగిల్చి నిలబెడతారు. పూర్తిగా ఖాళీ చేస్తే తడిగాలి లోపలికి పోతుంది.

బందరులోనో దివిసీమలోనో ఏ పాత గోదాములోనైనా ఇలాంటి సిలిండరు మీ కంటబడితే దానికి గ్యాస్ కట్టరు పెట్టించకండి, వాసన చూడటానికి వాల్వు తిప్పకండి. భుజం మీది అంకెలు కాగితం మీద రాసుకుని, ముందు పరీక్షా కేంద్రంవాళ్లకు చూపించండి.